భీమిలిని నీటి వైపు నుంచి చూద్దాం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? కొంచెం వాల్యూమ్ పెంచండి బాబూ... ఆ, ఇప్పుడు ఓకే.

నన్ను పిలిచినవాళ్ళు ఏమన్నారంటే, సార్ మాకు కొండలెక్కడాలు, ట్రెక్కింగులు వద్దు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు వస్తారు, చిన్నపిల్లలు వస్తారు, హాయిగా సముద్రం పక్కన నడుస్తూ ఒక లైట్‌హౌస్ చూసి కాసేపు ఇసకలో కూర్చుని వచ్చేసేలా ఒక నడక చెప్పండి అన్నారు. నేను భీమిలి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. (నవ్వులు) నిజమే కదండీ, విశాఖపట్నంలో ఉన్నవాడికి భీమిలి గురించి కొత్తగా చెప్పేదేముంది, ఆదివారం సాయంత్రం బండేసుకుని బీచ్ రోడ్డులో వెళ్తాం, బజ్జీలు తింటాం, నాలుగు ఫోటోలు దిగుతాం, చీకటి పడేసరికి వచ్చేస్తాం. లైట్‌హౌస్ కూడా చూసే ఉంటారు, చూసి, ఇంతేనా ఇంత పొట్టిగా ఉందేంటి అనుకునే ఉంటారు.

ఈ రోజు నేను చెప్పదలచుకుంది ఒకటే. ఆ ఊరిని మనం రోడ్డు వైపు నుంచి చూస్తున్నాం, అది కట్టిందేమో నీటి వైపు నుంచి వచ్చేవాళ్ళ కోసం. ఒక్కసారి తల అటు తిప్పి నడిస్తే లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ, క్లాక్ టవర్, డచ్చి వాళ్ళ సమాధులు, అన్నీ ఒకదానికొకటి కలుస్తాయి. లేకపోతే ఏ ముక్కకా ముక్కే.

ముందు నడక గురించి చెప్పేస్తాను, తరవాత మర్చిపోతాను. రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు ఎక్కితే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి తీసుకెళ్తుంది. కారులో వెళ్ళేవాళ్ళు కారు ఊళ్ళో ఒకచోట పెట్టేసి దాని సంగతి మర్చిపోండి, ప్రతి చోటికీ కారేసుకెళ్తే ఇది నడక అవ్వదు. గోస్తనీ సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టండి, అక్కణ్ణించి సముద్రాన్ని ఎడమ చేతి వైపు ఉంచుకుని దక్షిణంగా, అంటే విశాఖ వైపుగా నడవడమే. పడవలు లాగి పెట్టిన ఇసక, లైట్‌హౌస్, ఊళ్ళోకి ఒక చిన్న చుట్టు, మళ్ళీ బీచ్. మొత్తం మీద ఒక మూడు కిలోమీటర్లు అనుకోండి, ఆగుతూ ఆగుతూ నడిస్తే ఒక పూట పడుతుంది, ఎక్కేదీ దిగేదీ ఏమీ లేదు.

ఇసకలో నడక కష్టం అంటారు కదా, పొడి ఇసకలో అయితే నిజంగానే కష్టం, పిక్కలు పట్టేస్తాయి. కానీ పాటు సమయంలో, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, అల తడిపి వదిలేసిన ఇసక గట్టిగా ఉంటుంది, దాని మీద మా అత్తయ్యగారి వయసు వాళ్ళు కూడా కబుర్లు చెప్పుకుంటూ నడిచేస్తారు. అందుకని బయల్దేరే ముందు పాటు ఎప్పుడో ఫోన్లో చూసుకోండి. రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి, అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ పాటు కూడా ఎక్కువ. ఇదంతా నేను చెప్పక్కర్లేదు, అక్కడ వల బాగుచేసుకుంటున్న ఏ పెద్దాయన్ని అడిగినా ఫోన్ చూడకుండా చెప్పేస్తాడు. ఇంకో విషయం, ఒడ్డు ఎప్పుడూ నీటి వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు కిందకీ ఒక కాలు మీదకీ పడుతుంది, వెళ్ళేటప్పుడు ఒక కాలికి బరువు, తిరిగొచ్చేటప్పుడు రెండో కాలికి, కాబట్టి అదే దారిలో వెనక్కి రావడమే మంచిది. (నవ్వులు) నవ్వకండి, మోకాళ్ళున్నవాళ్ళకి అర్థమవుతుంది.

సరే మొగ దగ్గర నిలబడ్డాం. గోస్తనీ ఎక్కణ్ణించి వస్తోంది? అనంతగిరి కొండల్లోంచి. బొర్రా గుహలు చూశారు కదా, ఆ సున్నపురాయిని కరిగించి గుహలు తొలిచింది ఈ నదే. అక్కడ అంత హడావిడి చేసిన నది ఇక్కడికొచ్చేసరికి, వర్షాలు లేని రోజుల్లో అయితే, ఇసక మేట దాటలేక పక్కకి తిరిగి తిరిగి ఎక్కడో సన్నగా సముద్రంలోకి జారుకుంటుంది. ఆ మేట ఇవాళ ఉన్నచోట వచ్చే ఏడాది ఉండదు.

ఇప్పుడు మన ఉత్తరాంధ్ర మ్యాప్ ఒకసారి మనసులో పెట్టుకోండి. భీమిలి దగ్గర గోస్తనీ, కోనాడ దగ్గర చంపావతి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ. పాత రేవులన్నీ ఏటి మొగల దగ్గరే ఉన్నాయి చూశారా. లోపలి ఊళ్ళ నుంచి సరుకు వచ్చేది ఏటి వెంబడే, తాగే నీళ్ళూ అక్కడే, చిన్న పడవలు గాలివానకి దాక్కునేదీ ఆ మొగలోనే. కానీ పెద్ద ఓడ ఆ మొగలోకి రాలేదు, ఇసక మేట మీద కూర్చుండిపోతుంది. కాబట్టి ఓడ ఎక్కడో దూరంగా సముద్రంలోనే లంగరేసుకుని నిలబడేది. భీమిలి పెద్ద రేవు అని పుస్తకాల్లో చదువుతాం, అక్కడికెళ్ళి ధక్కా ఎక్కడ, క్రేన్లెక్కడ అని వెతుకుతాం, ఓడలు వచ్చి ఆనుకునే అలాంటి హార్బరు అక్కడెప్పుడూ లేదండి! ఓడకీ ఒడ్డుకీ మధ్య ఆ అలలు దాటించింది పడవలు, ఆ పడవల్ని నడిపిన మన మత్స్యకారులు.

ఆ పడవల గురించి కాసేపు చెప్పాలి. ఇంగ్లీషు వాళ్ళు మసూలా బోట్లు అని రాసుకున్నారు, మనవాళ్ళు పడవ అనేవాళ్ళు అంతే. దానికి మేకు ఉండదు. పలకలకి బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేసేవాళ్ళు, విస్తరాకు కుట్టినట్టు. ఎందుకంటే మన తూర్పు తీరంలో అల ఒడ్డుకి వచ్చి విరుగుతుంది, మేకులు కొట్టి బిర్రుగా చేసిన పడవని ఎత్తి నేలకేసి కొడితే పగిలిపోతుంది, కుట్టిన పడవ అయితే కొంచెం వంగుతుంది, సాగుతుంది, నీళ్ళు కారతాయి, ఒకడు తోడుతూనే ఉంటాడు, కానీ ఒడ్డుకి చేరుతుంది. యూరప్ నుంచి వచ్చిన అంత పెద్ద ఓడల వాళ్ళు చివరి మైలు దూరం కోసం ఈ కొబ్బరి తాడు మీద ఆధారపడాల్సి వచ్చింది. నాకు ఈ నడకలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదేనండి, పాపం దీనికి అక్కడ బోర్డు కూడా ఉండదు.

ఆ పడవల్లో ఏం వెళ్ళేది? డచ్చి వాళ్ళ కాలంలో మన నేతగాళ్ళు నేసిన నూలు బట్టలు. తరవాత రోజుల్లో నూనె గింజలు, నార. నార అంటే మామూలు జనపనార కాదు, గోగు నార, మన గోంగూర చుట్టమే. ప్రపంచ మార్కెట్లో దానికి బిమ్లీ జ్యూట్ అని పేరు, బిమ్లీపటం అంటే మన భీమునిపట్నం, ఈ భీమిలే కదా. ఎక్కడో లండన్‌లో మూటల మీద ఈ ఊరి పేరు చదివేవాళ్ళు. దగ్గర్లో చిట్టివలసలో జూట్ మిల్లు వచ్చిందంటే ఊరికే రాలేదు మరి.

ఇప్పుడు లైట్‌హౌస్. చిన్నది, తెల్లగా గుండ్రంగా ఉంటుంది. ఎక్కొచ్చా అని అందరూ అడుగుతారు, ఎక్కే ఆశ పెట్టుకుని మాత్రం వెళ్ళకండి, నేను చెప్పేది దాని దగ్గర నిలబడి వెనక్కి తిరిగి సముద్రం చూడమని. మీరు నీళ్ళ అంచున నిలబడితే, మీ కన్ను ఒకటిన్నర మీటర్ల పై ఎత్తులో ఉంటుంది, అప్పుడు ఆకాశం నీరూ కలిసినట్టు కనబడే ఆ గీత ఎంత దూరంలో ఉందో తెలుసా? ఎవరైనా చెప్పండి. (సభలోంచి: యాభై కిలోమీటర్లు) యాభై... ఇంకెవరన్నా? (సభలోంచి: వంద!) వేలంపాట అయిపోయింది. నాలుగున్నర కిలోమీటర్లు అండి. అంతే. భూమి గుండ్రం కాబట్టి అక్కడితో కిందకి వంగిపోతుంది. లెక్క చాలా సులువు, ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి, పదో క్లాసు పిల్లలున్నారు కదా, ఇంటికెళ్ళి చేసి చూడండి.

ఇప్పుడు దీపం పదహారు మీటర్ల ఎత్తులో ఉందనుకోండి, పదహారు వర్గమూలం నాలుగు, గుణిస్తే సుమారు 14 కిలోమీటర్లు. పడవలో కూర్చున్న మనిషి కన్ను రెండు మీటర్ల ఎత్తులో ఉంటే అతనికి ఇంకో ఐదు. రెండూ కలిపితే 19 కిలోమీటర్ల దూరం నుంచి ఆ వెలుగు కనబడొచ్చు, కాంతి గాలిలో కాస్త వంగుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే. అదే దీపాన్ని వంద మీటర్ల కొండ మీద పెడితే నలభై దాటుతుంది. అందుకే విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కించి పెట్టారు, అందుకే చింతపల్లి లైట్‌హౌస్ గుట్ట మీద ఉంది. భీమిలిది పొట్టిగా ఉందని చిన్నచూపు చూడకండి, దాని పని అంతే, రేవుకొచ్చే ఓడకి, నువ్వు లంగరు వెయ్యాల్సిన చోటు ఇదీ అని చెప్పడం.

చింతపల్లిది వేరే పని, అది రా అని చెప్పదు, రాకు అని చెబుతుంది. పూసపాటిరేగ దగ్గర, పాత ఇంగ్లీషు మ్యాపుల్లో శాంతపిల్లి అని ఉంటుంది, 1847లో అక్కడ దీపం పెట్టారు, ఎందుకంటే అక్కడ సముద్రంలో తీరానికి దూరంగా రాళ్ళున్నాయి, పైకి సరిగ్గా కనబడవు, ఓడ వెళ్ళి గుద్దుకుంటుంది. సో ఒకే తీరంలో ఒక దీపం పిలుస్తుంది, ఇంకో దీపం తరుముతుంది. రెండూ రాత్రి పూట చీకట్లో వెలుగే కదా, ఏది ఏదో నావికుడికెలా తెలుస్తుంది? లయని బట్టి. ప్రతి లైట్‌హౌస్‌కి దాని సొంత మెరుపుల లెక్క ఉంటుంది, ఇన్ని సెకన్లకి ఒక మెరుపు, లేదా రెండు వెంటవెంటనే మెరిసి ఒక విరామం, ఆ పట్టిక ఓడలో ఉంటుంది, కెప్టెన్ వాచీ పట్టుకుని లెక్కపెట్టి మనం ఫలానా చోట ఉన్నాం అని తేల్చుకుంటాడు.

ఆ వెలుగు కూడా అంత దూరం ఎలా వెళ్తుందంటే బల్బు పెద్దదై కాదు. పాత రోజుల్లో నూనె దీపాలే. ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అని ఒక ఇంజనీరు, గాజు పట్టకాల్ని వలయాలు వలయాలుగా పేర్చి, అన్ని వైపులకీ చెదిరిపోయే కాంతిని పట్టుకుని ఒకే పట్టీగా సముద్రం మీదకి పంపే లెన్స్ చేశాడు, 1823లో కోర్డువాన్ అనే లైట్‌హౌస్‌లో మొదటిసారి పెట్టారు, ఆ తరవాత ప్రపంచమంతా అదే పద్ధతి. ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చాయి, జీపీఎస్ వచ్చింది, మన దేశంలో 1927 నాటి లైట్‌హౌస్ చట్టం తీసేసి 2021లో కొత్త చట్టం తెచ్చారు. ఇంక వీటితో పనేముంది అంటారు కొందరు. రాత్రి పూట వేటకెళ్ళి ఫోన్ ఛార్జింగ్ అయిపోయినవాడిని అడగాలి ఆ ప్రశ్న.

పగటి పూట మరి? పగలు కొండలే గుర్తు. భీమిలి వెనకాల పావురాలకొండ ఉంది, ఒకప్పటి బౌద్ధ విహారం, వాన నీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లున్నాయి. వేటకెళ్ళేవాళ్ళు ఈ కొండ ఆ కొండకి ఎటు పక్కన కనబడుతోందో చూసి తాము ఎక్కడున్నామో, కింద రాయి ఉందో ఇసక ఉందో చెప్పేస్తారు. ఈ నడకలో కొండ ఎక్కొద్దు, మోకాళ్ళ వాళ్ళకి మాటిచ్చాం కదా, ఒడ్డు నుంచి చూస్తే చాలు.

లైట్‌హౌస్ చూశాక ఊళ్ళోకి ఒక చుట్టు వెయ్యండి. క్లాక్ టవర్, పాత చర్చి, ఆ పక్కన హాలండర్స్ గ్రీన్ అని డచ్చి వాళ్ళ శ్మశానం. 17వ శతాబ్దంలో వచ్చిన వాళ్ళు, గోపురాల్లాగ, సూదిగా పైకి లేచిన రాతి కట్టడాల్లాగ పెద్ద పెద్ద సమాధులు కట్టుకున్నారు, రాళ్ళ మీద అక్షరాలు ఇంకా కొన్ని చదవొచ్చు. యుద్ధాల్లో పోయినవాళ్ళే అనుకోకండి, జ్వరాలకి, విరేచనాలకి పోయిన రోజులవి, ఇంటికి వెళ్ళాలంటే నెలల ప్రయాణం. 1824లో లండన్‌లో ఇంగ్లీషు వాళ్ళూ డచ్చి వాళ్ళూ ఒప్పందం రాసుకున్నారు, ఇండియాలో ఉన్నవి మీకు, సుమత్రా వైపువి మాకు అని, ఆ లెక్కలో 1825లో భీమిలి ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది. ఊళ్ళో వాళ్ళని ఎవరూ అడగలేదనుకోండి. 1861లోనే మున్సిపాలిటీ అయింది, మన దేశంలో బాగా పాత మున్సిపాలిటీల్లో ఒకటి, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిపేశారు.

మరి అంత రేవు ఏమైంది? యుద్ధం ఏమీ రాలేదు. 1890ల్లో రైలు వచ్చింది, విజయనగరం మీదుగా వాల్తేరు వెళ్ళిపోయింది, భీమిలిని తాకలేదు. 1933లో విశాఖలో ఓడ నేరుగా వచ్చి ఆనుకునే హార్బరు తెరిచారు. ఇంక అలల్లో పడవల మీద మూటలు ఎవడు దాటిస్తాడు? అంతే, సరుకు అటు వెళ్ళిపోయింది. కానీ ఒక తమాషా చూడండి, తుఫాను వచ్చినప్పుడు టీవీలో ఏం చెప్తారు, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు అంటారు. ఓడలు రాని రేవు, హెచ్చరిక మాత్రం ఇంకా ఎగురుతోంది. అదీ మంచిదే, ఓడలు లేకపోయినా పడవలున్నాయి, మనుషులున్నారు. 2014లో హుద్‌హుద్ ఏం చేసిందో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మళ్ళీ బీచ్‌కి వద్దాం. తిరిగి నడిచేటప్పుడు ఇసక రంగు చూడండి. అక్కడక్కడ నల్లటి చారలుంటాయి, చాలామంది ఆయిల్ అనుకుని, మురికి అనుకుని తప్పుకుని నడుస్తారు. మురికి కాదండి, ఇల్మనైట్, ఇంకొన్ని బరువు ఖనిజాలు. కొన్నిచోట్ల ఎర్రగా గులాబీ రంగులో మెరుస్తుంది, అది గార్నెట్. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది, అది అరిగి అరిగి ఏర్లలోంచి సముద్రానికొస్తే, అల తేలికైన తెల్ల ఇసకని లాక్కుపోయి బరువైనవి వదిలేస్తుంది, ఆ చారలు అవే. పిల్లలకి చిన్న అయస్కాంతం ఇచ్చి తీసుకెళ్ళండి, కొన్ని నల్ల రేణువులు అంటుకుంటాయి, ఇంక గంట సేపు మీ జోలికి రారు.

చలికాలం చివర్లో, జనవరి నుంచి మార్చి మధ్యలో వెళ్తే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజులు. రాత్రి ఒడ్డుకొచ్చి గొయ్యి తీసి వందకి పైగా గుడ్లు పెట్టి కప్పేసి వెళ్ళిపోతుంది తల్లి, ఏడెనిమిది వారాల్లో పిల్లలొస్తాయి. ఆ పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి, ఎందుకంటే చీకటి రాత్రిలో ఒడ్డు కంటే నీరే కాస్త తెల్లగా కనబడుతుంది, లక్షల ఏళ్ళుగా అదే వాటి దారి. ఇప్పుడేమో రోడ్డు వైపు దుకాణాల లైట్లు, ఫ్లడ్‌లైట్లు, అవి అటు పాకి చచ్చిపోతున్నాయి. మనుషులకి దారి చూపడానికి ఒక దీపం పెట్టుకున్న ఊళ్ళోనే వాటికి దారి తప్పిస్తున్నాం. చీకట్లో బీచ్‌లో ఉంటే ఫోన్ టార్చి వెయ్యకండి దయచేసి, ఫ్లాష్‌తో ఫోటో అసలొద్దు.

ఆ, ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(సభలోంచి ఒకావిడ: పిల్లలు నీళ్ళలో దిగుతామంటారు కదండీ, పర్వాలేదా?)

మడమలు తడిసే వరకేనమ్మా. భీమిలి నీళ్ళు చూడ్డానికి నెమ్మదిగా ఉన్నట్టుంటాయి, విశాఖ బీచ్ కంటే సేఫ్ అని ఒక మాట ప్రచారంలో ఉంది, ఆ మాట నమ్మకండి. అలలు ఒడ్డుకి తోసిన నీళ్ళు ఎక్కడో ఒక చోట సందు చూసుకుని వెనక్కి లాగుతాయి, ఆ చోట అల విరగదు, నున్నగా ఉంటుంది, మనకేమో అదే మంచి చోటులా కనబడుతుంది. మొగ దగ్గర అసలు దిగకూడదు, పాటు వేళ ఏరు సముద్రంలోకి లాగేస్తుంది. ఒకవేళ ఎవరైనా లాక్కుపోతుంటే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి, ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి, ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే నీళ్ళలోకి దూకకుండా దగ్గర్లో ఉన్న మత్స్యకారుల్ని కేకెయ్యాలి.

(సభలోంచి: సార్, ఎర్రమట్టి దిబ్బలకి అక్కణ్ణించి నడిచి వెళ్ళొచ్చా?)

వెళ్ళొచ్చు గానీ నేనైతే చెప్పను. రోడ్డు మీద బండ్లు జోరుగా వెళ్తాయి, నీడ ఉండదు, ఈజీ అన్న మాట అక్కడితో పోతుంది. తిరుగు బస్సులో మధ్యలో దిగి చూడండి. వేల సంవత్సరాల క్రితం సముద్రం, గాలి కలిసి పోసిన ఇసక దిబ్బలవి, ఐరన్ ఆక్సైడ్ పట్టి ఎర్రబడ్డాయి, 2014లో భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అంచుల మీంచి జారడాలు, పేర్లు చెక్కడాలు చెయ్యకండి, గట్టి నేలలా కనబడుతుంది గానీ అదంతా ఇసకే, ఒక్క వానకి కూలిపోతుంది.

(సభలోంచి: ఏ టైముకి వెళ్ళాలండి?)

తెల్లారి వెళ్ళండి. సాయంత్రం గుంపు, బజ్జీల పొగ తప్ప ఏమీ ఉండదు, సూర్యుడు మనకి సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో దిగడు కదా. పొద్దున్నే అయితే పడవలు వస్తుంటాయి, అదృష్టం ఉంటే అలివి వల లాగుతుంటారు, ఇరవై ముప్పై మంది రెండు తాళ్ళు పట్టుకుని, నెత్తళ్ళు, కవ్వళ్ళు పడతాయి, అక్కడే ఇసక మీద ఆడవాళ్ళు పాట పాడుకుని కొంటారు, వేలంపాట అండి, సినిమా పాట కాదు. ఫోటో తీసే ముందు ఒక మాట అడగండి, వాళ్ళు పనిలో ఉంటారు. చేపలు కొనాలనుకుంటే సంచి తీసుకెళ్ళండి, కవర్లివ్వరు.

వచ్చే వారం మనవాళ్ళు వెళ్తున్నారట, పేర్లు బయట బల్ల దగ్గర రాయించుకోండి. మంచినీళ్ళు, టోపీ, తడిసినా పర్వాలేదనుకునే చెప్పులు. బస్సు పొద్దున్న ఐదింటికి అన్నారు, ఐదింటికంటే ఐదింటికే.